మేనేజర్ సంగతి సరే, చివరి ఇరవై నిమిషాలు చూస్తున్నదెవరు?

ప్రశ్న: మా ఫుట్‌బాల్ క్లబ్ పేరు రాయను, రాస్తే మీరూ నవ్వుతారు. పదిహేనేళ్లుగా దాన్నే నమ్ముకుని ఉన్నాను. ఈ పిచ్చి నాకు అంటించింది మా బావ, అంటే అక్క భర్త. ఈ సీజన్‌కి కొత్త మేనేజర్, అంటే జట్టుని ఆడించే కోచ్, వచ్చాడు. లీగ్‌లో 14 మ్యాచ్‌లయ్యాయి. నాలుగు గెలిచాం, మూడు డ్రా, ఏడు ఓడిపోయాం. మేం ఆరుగురం కలిసి మ్యాచ్‌లు చూస్తాం. అందులో ముగ్గురం టైమివ్వాలంటాం, మిగతా ముగ్గురూ ఇప్పుడే పంపించెయ్యాలంటారు. వాళ్లకి పెద్ద మా బావే. మూడు వారాల కిందట ఒక గోల్ వెనకబడి ఉండగా 60వ నిమిషంలో మేనేజర్ మా ప్లేమేకర్‌ని (గోల్ అవకాశాలు పుట్టించేవాణ్ణి) తీసేసి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ని (అవతలి దాడిని ఆపేవాణ్ణి) దించాడు. బావ తిట్లు మొదలుపెట్టాడు, నేను మేనేజర్‌ని వెనకేసుకొచ్చాను. "నీకు ఆట తెలీదురా" అన్నాడు. "నువ్వసలు నిజమైన అభిమానివే కాదు" అన్నాను. అప్పట్నుంచి మాటల్లేవు. నిజం చెప్పాలంటే ఈ మధ్య 70వ నిమిషం దాటాక చూడలేక లేచిపోతున్నాను, తర్వాత ఫోన్‌లో స్కోరు చూసుకుంటున్నాను. అయినా నాది ఒకటే ప్రశ్న. కష్టాల్లో ఉన్న కొత్త మేనేజర్‌కి అండగా నిలబడటం అభిమాని ధర్మం కాదా?

సమాధానం: ఒకటే ప్రశ్న అన్నారు గానీ, అందులో రెండున్నాయి. వాటిని విడదీస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. ఆట జరుగుతున్నంతసేపూ జట్టు పక్షాన ఉండటం ఒకటి. ఈ మనిషి ఈ ఉద్యోగానికి తగినవాడా కాదా అని తేల్చుకోవడం ఇంకొకటి. మొదటిది మీ చేతుల్లో ఉన్న పని. రెండోది మీ అభిప్రాయం. అది ఎటువైపు ఉన్నా మొదటిదానికి అడ్డం రాదు.

ఈ తేడా కళ్లకి కట్టిన రోజొకటి ఉంది. 2013 మే నెలలో ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ సర్ అలెక్స్ ఫెర్గూసన్, తమ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్ మధ్యలో మైకు పట్టుకుని వీడ్కోలు చెబుతూ, కొత్త మేనేజర్ వెంట నిలబడటమే ఇక మీ పని అని అభిమానులకి అప్పగింతలు పెట్టి వెళ్లాడు. ఆ కొత్త మేనేజర్ డేవిడ్ మోయెస్. ఆరేళ్ల కాంట్రాక్టు. 2014 మార్చి వచ్చేసరికి, ముందటేడు లీగ్ గెలిచిన మాంచెస్టర్ యునైటెడ్ ఏడో స్థానంలో కొట్టుకుంటోంది. అదే నెలలో లివర్‌పూల్ వచ్చి 3-0తో కొట్టిపోయింది, అదే ఊరి ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ వచ్చి ఇంకో 3-0తో కొట్టిపోయింది, రెండూ సొంత మైదానంలోనే. మార్చి 29న ఆస్టన్ విల్లాతో మ్యాచ్. కొందరు అభిమానులు చిన్న విమానం ఒకటి అద్దెకి తీసుకుని, మోయెస్ వద్దంటూ తోకకి బ్యానర్ కట్టి స్టేడియం మీదుగా తిప్పారు. కింద సీట్లలో ఉన్నవాళ్లు ఆ విమానాన్ని చూసి గేలి చేశారు. మోయెస్‌కి చప్పట్లు కొట్టారు. జట్టు 4-1తో గెలిచింది.

ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో చాలామందికి అప్పటికే ఆయన మీద నమ్మకం పోయి ఉంటుందని నా అనుమానం. అయినా కొట్టారు. మూడున్నర వారాల తర్వాత, ఏప్రిల్ 22న క్లబ్ ఆయన్ని తీసేసింది. నన్నడిగితే చప్పట్లూ సరైనవే, తీసెయ్యడమూ సరైనదే.

ఎందుకు సరైనదంటానంటే, నేను చూసేది ఆ రెండు 3-0లని కాదు. ఫిబ్రవరిలో ఫుల్‌హామ్‌తో ఆడిన మ్యాచ్‌ని. ఫుల్‌హామ్ అప్పుడు పట్టికలో అట్టడుగున ఉంది. యునైటెడ్ తరఫున రూనీ, వాన్ పెర్సీ, మాటా లాంటి పేరున్న ఆటగాళ్లు ముగ్గురూ ఆడుతున్నారు. అంతమంది ఉండి జట్టు చేసిందల్లా అంచుకి వెళ్లడం, బంతిని గోల్ ముందున్న బాక్స్‌లోకి లేపడం. ఎనభైకి పైగా క్రాస్‌లు! అవతలి పొడుగాటి డిఫెండర్లు తలలతో కొట్టి బయటికి పంపుతూనే ఉన్నారు, వీళ్లు మళ్లీ లేపుతూనే ఉన్నారు. చివరికి 2-2. ఓడిపోలేదు, ఒక పాయింట్ కూడా వచ్చింది. కానీ ఏడు నెలల కోచింగ్ తర్వాత ఆ జట్టు దగ్గర ఇంకో ఉపాయం లేదని ఆ మధ్యాహ్నం తెలిసిపోయింది. (అదే మోయెస్ 2023లో వెస్ట్ హామ్‌కి కాన్ఫరెన్స్ లీగ్ అనే యూరప్ క్లబ్‌ల కప్పు తెచ్చిపెట్టాడు. కాబట్టి మీ బావ తిట్లలో "వీడికి ఫుట్‌బాలే రాదు" అనేది ఉంటే దాన్ని మాత్రం తీసెయ్యమనండి.)

మీ ముగ్గురిలో ఎవరో ఒకరు ఈపాటికి ఫెర్గూసన్ కథ చెప్పే ఉంటారు. టైమివ్వాలనే పక్షానికి అది తురుపు ముక్క. 1986 నవంబర్‌లో వచ్చాడు. 1988-89లో 11వ స్థానం, 1989-90లో 13వ స్థానం. 1989 సెప్టెంబర్‌లో సిటీ చేతిలో 5-1. ఆ డిసెంబర్‌లో, మూడేళ్లుగా సాకులే వింటున్నామంటూ సొంత మైదానంలోనే బ్యానర్ లేచింది. 1990 జనవరిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ పోటీ) మ్యాచ్‌లో మార్క్ రాబిన్స్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో గట్టెక్కాడు. మే నెలలో ఆ కప్పే చేతికొచ్చింది. ఆ తర్వాత 13 లీగ్ టైటిళ్లు.

అన్నీ నిజాలే. కానీ ఈ కథని ఎప్పుడూ సగమే చెబుతారు. ఆ మనిషి ఖాళీ చేతులతో రాలేదు. 1983లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ లాంటి చిన్న క్లబ్‌తో రియల్ మాడ్రిడ్‌ని ఓడించి యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ గెలిచి వచ్చాడు. 1987-88లో యునైటెడ్‌ని రెండో స్థానంలో నిలబెట్టాడు, అంటే మధ్యలో ఒక వెలుగు కనిపించింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫలితాల కింద పని జరుగుతోంది. కుర్రాళ్లని వెతికే మనుషుల సంఖ్య పెంచాడు, యువ జట్లని మొదటినుంచీ కట్టాడు. 1987లో రయాన్ గిగ్స్ అనే కుర్రాడి 14వ పుట్టినరోజు నాడు స్వయంగా వాళ్లింటికి వెళ్లి సంతకం పెట్టించుకున్నాడు. పట్టికలో ఇవేవీ ఉండవు. బోర్డుకి మాత్రం ఇవి కనిపిస్తూనే ఉన్నాయి. మీరు మీ మేనేజర్‌కి ఫెర్గూసన్ పేరు తగిలించే ముందు, ఆయన దగ్గర ఇలాంటిది ఏముందో ఒక్కటైనా చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ కథ మీది కాదు, అరువు సొమ్ము.

అవతలి ముగ్గురూ "కొత్తవాడొస్తే రాత మారుతుంది" అంటారు. వాళ్లకి 2017లో క్రిస్టల్ ప్యాలెస్ అనే ఇంగ్లండ్ క్లబ్ సంగతి చెప్పండి. మేనేజర్ ఫ్రాంక్ డి బూర్‌ని 77 రోజులకే తీసేశారు. నాలుగు లీగ్ మ్యాచ్‌లు, నాలుగూ ఓటమే, ఒక్క గోల్ కూడా లేదు. రాయ్ హాడ్జ్‌సన్ వచ్చాడు. తర్వాతి మూడు మ్యాచ్‌లు కూడా ఓటమే, గోల్ ఊసే లేదు. ఏడు మ్యాచ్‌లకి పాయింట్లు సున్నా, గోల్స్ సున్నా. అప్పుడు అదే జట్టు ఛాంపియన్ చెల్సీని 2-1తో ఓడించింది, సీజన్ చివరికి 11వ స్థానానికి ఎక్కింది. చూడండి, ఈ కథతో ఇద్దరూ కొట్టుకోవచ్చు. తీసేశారు కాబట్టే బతికారని బావ అంటాడు. హాడ్జ్‌సన్‌ని వరసగా మూడు ఓడినా ఉంచారు కాబట్టే బతికారని మీరంటారు. నాకు కనిపించేది వేరే. హాడ్జ్‌సన్ ఓడిన ఆ మూడు మ్యాచ్‌ల్లో రెండు, మాంచెస్టర్ జట్లు రెండింటి సొంత మైదానాల్లో ఆడినవి. మీరు రాసిన 14 మ్యాచ్‌ల్లో ఎవరెవరితో, ఎక్కడ ఆడారో ఒక్క ముక్క రాయలేదు. ఏడు ఓటముల్లో ఐదు పైనున్న జట్ల మైదానాల్లో అయితే అదొక లెక్క. ఐదూ మీ ఇంట్లోనే, కింద ఉన్నవాళ్ల చేతిలో అయితే ఇంకో లెక్క.

కొత్తవాడు రాగానే వచ్చే ఊపు గురించి కూడా ఒక మాట. నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా మ్యాచ్‌లని తవ్వి చూసిన అధ్యయనం ఒకటుంది. మేనేజర్‌ని మార్చిన జట్లు తర్వాత కోలుకున్నాయి, నిజమే. అంతే ఘోరంగా ఆడి కూడా మార్చని జట్లు సైతం దాదాపు అంతే కోలుకున్నాయి. ఎందుకంటే తీసేసేది ఎప్పుడూ అట్టడుగుకి చేరినప్పుడే. అక్కణ్ణుంచి ఎవరున్నా కాస్త పైకే.

మీ అంకెలకి వద్దాం. 14 మ్యాచ్‌లకి 15 పాయింట్లు. 38 మ్యాచ్‌ల లీగ్ అయితే ఇదే నడకతో 40 దగ్గర ఆగుతారు. సంబరాలకి చాలదు, కిందికి దిగిపోయేంత ఘోరమూ కాదు. ఈ అంకె చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. ఇలాంటప్పుడు స్కోరు పక్కన పెట్టి ఆట చూడాలి.

మీ స్ట్రైకర్ చేతులు చూడండి.

కొత్త మేనేజర్లు ఎక్కువమంది మొదట నేర్పేది, బంతి పోగానే పైనుంచే వెంటాడటం, అంటే ప్రెస్సింగ్. మొదటి నెలలో అది ఇలా ఉంటుంది. అవతలి సెంటర్ బ్యాక్ (మధ్యలో ఉండే డిఫెండర్) కాళ్ల దగ్గర బంతి. మీ స్ట్రైకర్ వాడి మీదికి ఉరుకుతాడు. వాడు తాపీగా పక్కవాడికి ఇచ్చేస్తాడు. మీవాడు ఆగి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ చాచి నిలబడతాడు, "ఏరీ, ఒక్కరూ రారేం?" అన్నట్టు. వెనక మిగతా జట్టంతా ఉన్నచోటే ఉంది. మ్యాచ్ 0-2.

మూడో నెలలో స్ట్రైకర్ ఉరికితే ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు కూడా వెంట ఉరుకుతారు. కానీ వెనక నలుగురు డిఫెండర్లకి ఇంకా భయం. ముందుకి జరిగితే వీపు వెనక ఖాళీ వస్తుందని గోల్ దగ్గరే ఉండిపోతారు. జట్టు మధ్యలో రెండు ముక్కలైపోతుంది. నడుమ ముప్ఫై గజాల ఖాళీ మైదానం. అవతలివాడు ఆ ఖాళీలోకి ఒక్క పాస్ వేస్తే చాలు, మీ డిఫెండర్లకి ఎదురుగా ముగ్గురు పరుగెత్తుకొస్తుంటారు. గోల్. ఇదీ 0-2నే.

పట్టిక చూసేవాడికి రెండూ ఒకటే. నిజానికి రెండోది చూడ్డానికి ఇంకా ఘోరంగా ఉంటుంది, ఎందుకంటే సగం నేర్చిన ప్రెస్సింగ్ అసలు నేర్వనిదానికన్నా ప్రమాదం. కానీ మొదటి నెలలో ఆ మేనేజర్ మాట నమ్మింది ఒక్కడు. మూడో నెలలో ముగ్గురు. ఇంకో నలుగురు నమ్మితే ఆ ముప్ఫై గజాలు పదిహేనవుతాయి. అలాంటి జట్టు మీదైతే నేను మీ పక్షం. 14వ మ్యాచ్‌లోనూ స్ట్రైకర్ ఒంటరిగా చేతులు చాస్తూనే ఉంటే బావ మాటలో బలముంది. అసలు చేతులు చాచడం కూడా మానేసి, ఉరకాల్సిన చోట నడుస్తున్నాడనుకోండి, ఇక వాదించుకోవడానికేం లేదు. లోపల అందరికీ తెలిసిపోయింది, బయట ప్రకటన రావడమే తరువాయి.

ఇంకొకటి, ఒకే రకం గోల్ మళ్లీ మళ్లీ తింటున్నారా అనేది. కార్నర్‌లో దగ్గరి పోస్టు వైపు తలతో ఒకసారి కొట్టించుకుంటే తప్పు. నాలుగోసారి కూడా అక్కడే కొట్టించుకుంటే, వారం రోజులు ట్రైనింగ్‌లో ఏం చేస్తున్నారని అడగాల్సిందే.

ఈ మాటలు చెప్పే నేనేదో ఎప్పుడూ సరిగ్గా చూసినవాణ్ణని అనుకోకండి. 2021 ఆగస్టులో ఆర్సెనల్ మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడింది. బ్రెంట్‌ఫర్డ్ చేతిలో 2-0, చెల్సీ చేతిలో 2-0, సిటీ చేతిలో 5-0. ఒక్క గోల్ లేకుండా పట్టికలో అట్టడుగు. మేనేజర్ మికెల్ ఆర్టెటా అప్పటికి కొత్తవాడు కూడా కాదు. 2019 డిసెంబర్‌లో వచ్చాడు, 2020లో ఎఫ్‌ఏ కప్ గెలిచినా లీగ్‌లో వరసగా రెండుసార్లు ఎనిమిదో స్థానమే. ఇతని పని అయిపోయిందని నలుగురిలో గట్టిగా అన్నవాణ్ణి నేను. ఆ మూడింట్లో ఒకదానికి కోవిడ్ వల్ల ఫార్వర్డ్‌లు లేరని, సిటీతో మ్యాచ్‌లో సగానికి ముందే రెడ్ కార్డు పడి పదిమందితో ఆడారని, కొన్న ఆటగాళ్లలో కొందరు ఇంకా దిగనే లేదని నాకు తెలుసు. తెలిసీ లెక్కలోకి తీసుకోలేదు, 5-0 అనే అంకె అంత గట్టిగా కొట్టింది. సెప్టెంబర్‌లో రామ్స్‌డేల్, తొమియాసు దిగారు, నార్విచ్ మీద 1-0తో మొదటి గెలుపు. ఆ సీజన్ ఐదో స్థానం. తర్వాత వరసగా మూడు సీజన్లు రెండో స్థానం. ఆ నలుగురిలో ఒకాయన ఇప్పటికీ కలిసినప్పుడల్లా "ఏమండీ, ఆర్టెటా పని అయిపోయిందా?" అని అడుగుతాడు.

కొన్నిసార్లు తిట్లన్నీ తప్పు చిరునామాకి వెళ్తాయి, అదీ గుర్తుంచుకోండి. ఈ రోజుల్లో చాలా క్లబ్‌లలో ఆటగాళ్లని కొనేది మేనేజర్ కాదు, స్పోర్టింగ్ డైరెక్టరు, ఆపైన యజమాని. లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) లేని జట్టుని చేతిలో పెట్టి, లెఫ్ట్ వైపు నుంచి గోల్స్ పడుతున్నాయేమని అడిగితే ఎవరు మాత్రం ఏం చెబుతారు? టీవీలో ప్రతి మ్యాచ్ తర్వాత కనిపించే మొహం మేనేజర్‌ది కాబట్టి దెబ్బలన్నీ దానికే.

ఇక మీ "నిజం చెప్పాలంటే" దగ్గరికి వస్తాను. ఉత్తరం మొత్తానికి నన్ను ఆపింది ఆ వాక్యమే.

టైమివ్వాలనే మీరు 70వ నిమిషంలో లేచిపోతున్నారు. పంపించెయ్యాలనే బావ చివరిదాకా కూర్చుంటున్నాడు, అదనపు సమయంతో సహా. కూర్చోకపోతే అంత వివరంగా తిట్టలేడు. మీరు మేనేజర్‌కి ఇమ్మంటున్న ఆ టైముని మీరే ఇవ్వడం లేదు. అలసిపోయారు, అది తప్పని అనను. వారం వారం ఓటమి చూడ్డం మాటలు కాదు. కానీ ఆ స్థితిలో ఉండి, చివరిదాకా చూసేవాడితో "నువ్వు నిజమైన అభిమానివి కాదు" అనడం మాత్రం అన్యాయం. అదీ మీకు ఈ ఆట అంటించినవాడితో.

"నీకు ఆట తెలీదు" అని ఆయన అన్నది కూడా మంచి మాటేం కాదు. కాకపోతే అది మీ తెలివి మీద పడిన దెబ్బ, రెండు రోజుల్లో మానిపోతుంది. మీరన్నది ఆయన పదిహేనేళ్లకి పైగా మోసుకొస్తున్నదాని మీద పడింది. ఆయన కోపం వెనక ఏముందో అడిగారా? మీకన్నా ముందునుంచీ ఆ క్లబ్‌తో ఉన్న మనిషి, అది కింది డివిజన్‌కి పడిపోవడమో, పడబోయి ఆగడమో చూసి ఉంటాడు. అలాంటిదొకటి చూసినవాడికి 14 మ్యాచ్‌ల్లో ఏడు ఓటములంటే మీకు వినిపించనిది ఏదో వినిపిస్తుంది. మీకు మేనేజర్‌ని తొందరపడి పోగొట్టుకుంటామని భయం. ఆయనకి క్లబ్‌నే పోగొట్టుకుంటామని భయం.

కాబట్టి వచ్చే మ్యాచ్‌కి ముందు మీరే ఫోన్ చెయ్యండి. మెసేజ్ పెట్టకండి, అందులో మీ గొంతు వినపడదు. "బావా, మొన్న అలా అనకూడదు, తప్పయింది" అనండి, చాలు. ఆ వెంటనే "కాకపోతే నువ్వు కూడా..." అని మొదలుపెట్టారా, ఫోన్ చేసి లాభం లేదు. మేనేజర్ ఊసు ఆయన ఎత్తేదాకా ఎత్తకండి. ఎలాగూ రెండు నిమిషాల్లో ఎత్తుతాడు. అప్పుడు ఒకటే అడగండి: "ఏం చూస్తే నీ మనసు మారుతుంది?" అని. సీజన్ సగానికి ఇన్ని పాయింట్లనో, కార్నర్లలో గోల్స్ తినడం ఆగాలనో, ఆ స్ట్రైకర్ వెనక ఇంకొందరు పరుగెత్తాలనో ఏదో ఒకటి చెబుతాడు. మీరూ మీది చెప్పండి. ఏం చూస్తే "ఇక చాలు" అంటారో. ఇద్దరూ అది ముందే అనుకుని ఉంటే, గడువు వచ్చినప్పుడు ఎవరూ మాట మార్చలేరు, గొంతులూ పెరగవు. ఇద్దరిలో ఎవరికైనా ఏం చూసినా మనసు మారదంటే, మీరు వాదించుకుంటున్నది మేనేజర్ గురించి కాదన్నమాట.

మ్యాచ్ మొదలయ్యాక 70వ నిమిషంలో లేవాలనిపిస్తే లేవకండి. ఆయన పక్కనే కూర్చోండి. ఆయన తిడుతుంటే తిట్టనివ్వండి, మీరు స్ట్రైకర్ చేతులు చూస్తూ ఉండండి.

అన్నట్టు, ఆ 60వ నిమిషం సంగతి. నేను ఆ మ్యాచ్ చూడలేదు, మీరు రాసిందే నాకు ఆధారం. ప్లేమేకర్‌కి దెబ్బ తగల్లేదు, ఎల్లో కార్డు లేదు, ఉంటే మీరు వెనకేసుకొచ్చేటప్పుడు తప్పకుండా రాసేవారు. ఒక గోల్ వెనకబడి, ఇంకా అరగంట ఆట ఉండగా, గోల్ పుట్టించగల మనిషిని తీసేసి గోల్ ఆపే మనిషిని దించాడంటే... ఆ ఒక్క విషయంలో నేను మీ బావ పక్షం. ఫోన్‌లో ఈ మాట కూడా చెప్పండి, సంతోషిస్తాడు.